గొంతులో జవాబు

"అత్తయ్యా, చాకు ఆవిడగారి చేతిలో ఉంది. పనైపోతే ఇటివ్వమని చెప్పండి."

ఆ వంటగదిలో ఇద్దరు నిలబడితే మోచేతులు రాసుకుంటాయి. నిలబడింది తోడికోడళ్ళిద్దరూ. పెద్దకోడలు స్టవ్వు దగ్గర, చిన్నకోడలు సింకు దగ్గర. మధ్యలో ఉన్నది జానెడు గట్టు. ఆ జానెడూ దాటడానికి నిన్న సాయంత్రం నుంచి ప్రతి మాటా హాల్లో కూర్చున్న అత్తగారి దాకా వెళ్ళి, చుట్టు తిరిగి రావాల్సి వస్తోంది.

"చాకు పట్టుకున్నవాళ్ళతోనూ, అలిగినవాళ్ళతోనూ నేను మాట్లాడను. నాకింకా నాలుగు రోజులు బతకాలనుంది," అంది అత్తగారు టీవీ మీంచి చూపు తిప్పకుండా.

చిన్నకోడలు చాకు కడిగి, పిడి అటువైపు ఉండేలా గట్టు మీద పెట్టింది. పెద్దకోడలు దాని వంక కూడా చూడలేదు. బ్రెడ్డు చేత్తోనే తుంచి కూతురి టిఫిన్ డబ్బాలో కుక్కింది.

ఆ డబ్బా పట్టుకెళ్ళాల్సిన పిల్ల ఇంకా గది తలుపు తీయలేదు. పుట్టినప్పుడు గుప్పెడంత ఉండి, ఎవరు ఎత్తుకున్నా చుర్రుమనేదని నానమ్మ 'మిరియం' అని పిలిచింది. ఇంటర్నేషనల్ స్కూల్లో పదో తరగతికి వచ్చినా ఇంట్లో ఆ పేరు మారలేదు, ఆ చురుకూ తగ్గలేదు. నిన్న మాత్రం స్కూలు నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా గదిలోకి వెళ్ళిపోయింది.

"పై రెండేళ్ళ డిప్లొమాలో సీటు వచ్చేసినట్టే అన్నారు. ఊరంతా చెప్పుకున్నాం. నా షాపుకి కళ్ళజోడు కొనడానికి వచ్చినవాళ్ళకి కూడా చెప్పాను," అంది పెద్దకోడలు స్టవ్వుతో. "ఇప్పుడేమో ఆ మార్కులు చెల్లవట. ఎవరో పనిగట్టుకుని వెళ్ళి చెప్పొచ్చారట."

"ఎవరో కాదక్కా. నేనే."

"అత్తయ్యా, నేను ఆవిడతో మాట్లాడట్లేదని చెప్పండి."

"విందిలే," అంది అత్తగారు.

జరిగిందేమిటంటే, మిరియానికి చెవిన పడింది పోదు, కంటి ముందున్నది నిలవదు. పేజీ తెరిస్తే ఒక్కో వాక్యం దగ్గరా ముళ్ళకంపలో కొంగు చిక్కుకున్నట్టు ఆగిపోతుంది. అదే పాఠం ఎవరైనా చదివి వినిపిస్తే ఇట్టే పట్టేస్తుంది. అలాంటి పిల్లల కోసం ఆ స్కూల్లో విద్యార్థి సహాయ విభాగమని ఒకటుంది. పరీక్షల్లో ప్రశ్నలు చదివి వినిపించడానికి మనిషిని ఇస్తారు, టైము కూడా కాస్త ఎక్కువిస్తారు. చిన్నకోడలి ఉద్యోగం ఆ విభాగంలోనే. ఇంటికొచ్చాక కూడా రోజూ సాయంత్రం మిరియానికి పాఠాలు చదివి పెట్టేది ఆమే. మొన్న జీవశాస్త్రం పరీక్షకి చదవాల్సిన మనిషి జ్వరంతో రాకపోతే, వేరే దారి లేక చిన్నకోడలినే కూర్చోబెట్టారు. మిరియానికి ఎన్నడూ రానన్ని మార్కులు వచ్చాయి.

అక్కడితో ఆగితే గొడవే లేదు. కానీ ఆ విభాగంలో ఒక పద్ధతుంది. పరీక్షలో చదివిన గొంతు రికార్డవుతుంది. చదివినవాళ్ళు తర్వాత తమ గొంతు తామే వినాలి, ఎక్కడా ఒత్తి పలకలేదని చూసుకోవాలి. తన గొంతు తాను వినడం ఎవరికి ఇష్టం? అందరూ విన్నామని చెప్పేసి పనిలో పడతారు. చిన్నకోడలు మాత్రం కూర్చుని మొత్తం విన్నది. విని, తిన్నగా కోఆర్డినేటర్ గదికి వెళ్ళింది.

"చెప్పకపోతే నీ సొమ్మేం పోయేది?" పెద్దకోడలు పంతం మర్చిపోయి నేరుగానే అడిగేసింది.

"సరైన జవాబు దగ్గరికి రాగానే నా గొంతు నెమ్మదిస్తోందక్కా. నాకు తెలియకుండానే."

"ఎవరైనా పట్టుకున్నారా?"

"లేదు. నేనే విన్నాను."

"వింటే కడుపులో పెట్టుకోవాలి. పరాయివాళ్ళు కూడా ఇంత పని చెయ్యరు."

చిన్నకోడలు తడి చేతులు తుడుచుకుంది. ఆమె మనిషి మెత్తనే గానీ మాట దగ్గర మెత్తన కాదు. "రెండేళ్ళూ ప్రతి పరీక్షకీ నేనే వెళ్ళి కూర్చోలేను కదా. ఆఖరి పరీక్షలకి ఎక్కడివాళ్ళో వచ్చి చదువుతారు. అప్పుడు మధ్యలో మునిగిపోతే?"

"మునిగినప్పుడు చూసుకునేవాళ్ళం. నువ్విప్పుడే ముంచేశావు."

పెద్దకోడలి మొగుడు పనిముట్ల సంచీ భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి. ఇరుక్కున్నవాళ్ళని బయటికి తీయడం అతనికి కొత్త కాదు గానీ, ఇంట్లో మాత్రం ముందు తాను బయటపడే దారి చూసుకుంటాడు.

"మధ్యాహ్నం కోఆర్డినేటర్ మేడమ్ రమ్మన్నారుగా. ఇద్దరూ కలిసి వెళ్ళి రండి," అన్నాడు.

"కలిసా?" అంది పెద్దకోడలు.

"పోనీ, ఒకే బస్సులో వెళ్ళండి. అది చాలు."

*

ఒకే బస్సులో వెళ్ళారు, ఒకరు ముందు సీట్లో, ఒకరు వెనక సీట్లో.

సహాయ విభాగం గది మిగతా స్కూలులా ఉండదు. నేల మీద మెత్తటి తివాచీ, గోడవారగా పెద్ద పెద్ద దిండ్లు, బల్ల మీద చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్లు. పేజీ మీద పరిస్తే అక్షరాలు కాస్త కుదురుగా కనిపిస్తాయని ఉంచిన రంగు రంగు ప్లాస్టిక్ రేకులు ఒక బుట్టలో ఉన్నాయి. గదిలో గట్టిగా మాట్లాడాలంటే మొహమాటం వేసేటంత నెమ్మది.

కోఆర్డినేటర్ పొడుగాటి మనిషి. వాళ్ళు కూర్చోగానే కళ్ళు తుడుచుకునే కాగితాల డబ్బా ఇటువైపు జరిపింది. అది చూసే పెద్దకోడలికి సంగతి సగం అర్థమైంది.

"మీ అమ్మాయి తెలివైనది. అందులో మాకెవరికీ అనుమానం లేదు," అని మొదలుపెట్టింది కోఆర్డినేటర్.

ఈ వరస పెద్దకోడలికి తెలియనిది కాదు. ఫ్రేము నప్పలేదని చెప్పబోయే ముందు తనూ, మీ మొహం చాలా కళగా ఉందండీ అంటుంది.

"తెలివైనదే అయితే ఆ మార్కులు ఉంచేయండి మేడమ్."

"ఉంచడానికి వీల్లేదండీ. ఆ మార్కుల్లో ఎన్ని అమ్మాయివో, ఎన్ని చదివిన గొంతువో మేం చెప్పలేం."

"గొంతు కాస్త నెమ్మదిస్తే జవాబు తెలిసిపోతుందా? మా పిల్ల రాత్రీ పగలూ కూర్చుని నేర్చుకుంది. ఈవిడకి అనుమానం జబ్బు. గ్యాస్ కట్టేశానా లేదా అని వీధి చివరి నుంచి వెనక్కొచ్చే మనిషి. ఈవిడ మాట పట్టుకుని మా పిల్ల భవిష్యత్తు పాడు చేస్తారా?"

గ్యాస్ సంగతి నిజమే.

కోఆర్డినేటర్ వాదించలేదు. "మీకు జీవశాస్త్రం వచ్చా?" అని అడిగింది.

"నాకెక్కడొస్తుంది."

"అయితే ఒక్కసారి ఇది పెట్టుకోండి." హెడ్‌ఫోన్లు, ఒక పెన్సిలు, ఎ బి సి డి అని మాత్రమే ఉన్న కాగితం ఇటు జరిపింది. "జవాబు తెలియనక్కర్లేదు. వినండి. ఏది అనిపిస్తే అది గీయండి."

పెద్దకోడలు పెట్టుకుంది. చిన్నకోడలి గొంతు చెవిలో పలికింది, పక్కనే కూర్చున్న మనిషి గొంతు, ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు. మొదటి ప్రశ్న అర్థం కాలేదు. ఏదో ఒకటి గీసేసింది. రెండోదీ అంతే. మూడోది, కణంలో శక్తి తయారయ్యే చోటు ఏది అని. ఎ, కేంద్రకం. బి, రైబోజోమ్. సి, మైటోకాండ్రియా. డి, కణత్వచం.

'సి' దగ్గర గొంతు ఆగింది. ఆగిందని కూడా అనలేం. చంటిపిల్లని మెట్టు దింపేటప్పుడు పెద్దవాళ్ళు తమ అడుగు తగ్గించుకుంటారే, అంత. పెద్దకోడలి పెన్సిలు తనంత తానే సి మీదికి వెళ్ళింది.

తర్వాతి వాటికి ఆమె ఆలోచించనే లేదు. ఒకచోట ఊపిరి, ఒకచోట చిన్న ఒత్తు. వద్దనుకున్నా వినపడుతోంది. ఒకసారి వినపడ్డాక ఇక వినపడకుండా ఉండటం లేదు.

కోఆర్డినేటర్ కాగితం సరిచూసి, ఇటు తిప్పి చూపించింది. మొదటి రెండూ తప్ప అన్నీ సరైనవే.

పెద్దకోడలు కాగితం వంక చూసింది, చిన్నకోడలి వంక చూసింది. చదువు పదోక్లాసుతో ఆపేసిన మనిషి, పేర్లు కూడా పలకలేని శాస్త్రంలో ఇప్పుడే పాసైంది. గర్వపడే పరిస్థితి కాదు.

"నేను కావాలని చెయ్యలేదక్కా," అంది చిన్నకోడలు. "ఇంట్లో పాఠం చదివాక ప్రశ్నలు అడుగుతానుగా. అది సరైనది పట్టుకోవాలని నాకే ఆత్రం. ఆ ఆత్రం ఎప్పుడు గొంతులోకి దిగిందో నాకే తెలియదు."

పెద్దకోడలు కోఆర్డినేటర్‌నే అడిగింది. "ఇప్పుడేం చెయ్యమంటారు?"

"రెండు దార్లున్నాయి. సోమవారం అమ్మాయి ఇంకో పేపరు రాయవచ్చు. బయటి నుంచి వచ్చిన మనిషి చదువుతారు. అందులో గట్టెక్కితే డిప్లొమా, ఏ అడ్డూ లేదు. గట్టెక్కకపోతే మాత్రం వృత్తి కోర్సు. అది తీసుకున్నాక మళ్ళీ ఇటు మార్చరు."

"ఆ కోర్సు చేస్తే పశువుల డాక్టరు చదువుకి వెళ్ళొచ్చా?"

"వెళ్ళలేరు. అది హోటలు, ఆఫీసు ఉద్యోగాల కోసం పెట్టింది. చెడ్డ కోర్సు కాదు. కానీ అటు దారి లేదు."

మిరియం వీధిలో కుంటుతున్న ప్రతి కుక్కనీ ఆపి కాలు చూస్తుంది. మాటలు వచ్చినప్పటి నుంచి ఆ పిల్ల ఇంకో ఉద్యోగం పేరెత్తలేదు.

"రెండో దారి?"

"పరీక్ష రాయకుండా ఒక ఏడాది మా సన్నాహక తరగతుల్లో చేరడం. రోజూ చదవడం మీదే పని. వినడం మీద ఆధారపడకుండా. వచ్చే ఏడాది డిప్లొమాకి మళ్ళీ అవకాశం ఉంటుంది."

"తోటిపిల్లలు పైకెళ్ళిపోతే ఇది వెనక బెంచీలో ఉండిపోవాలి."

"ఒక ఏడాది ఉండాలి," అంది కోఆర్డినేటర్. ఆమె దేన్నీ తగ్గించి చెప్పలేదు, పెంచీ చెప్పలేదు. "అమ్మాయికి నిజంగా వచ్చని మీకు నమ్మకముంటే సోమవారం రాయించండి. లేకపోతే తొందరపడకండి. ఏదైనా రేపు పొద్దున్న చెప్పాలి."

లేవబోతూ చిన్నకోడలు ఆగింది. "మేడమ్, జన్యుశాస్త్రం పాఠాలు ఈమధ్య క్లాసులోనే అయ్యాయి. ఇంట్లో నేను చదవలేదు. నాకందులో ఒక్క ముక్క రాదు. వాటి మీద సాధన పేపరు ఏదైనా ఉంటే ఇస్తారా? జవాబులు విడిగా, నేను చూడకుండా."

కోఆర్డినేటర్ అల్మారా తీసి సాధన పేపరు, విడిగా కవర్లో పెట్టిన జవాబులు ఇచ్చింది.

తిరుగు బస్సు కిక్కిరిసి ఉంది. పక్కపక్కనే కూర్చోక తప్పలేదు.

"అది నేర్చుకుందో లేదో నాకూ తెలియాలక్కా," అంది చిన్నకోడలు కిటికీ వైపు చూస్తూ. "నాకే జవాబు తెలియకపోతే నా గొంతులో ఏముంటుంది? అప్పుడు రాసిందంతా దానిదే."

పెద్దకోడలు జవాబుల కవరు తన చేతిసంచీలో పెట్టుకుంది.

*

మిరియం ఆకలికి తట్టుకోలేక గదిలోంచి వచ్చింది, అలక తీరి కాదు. బల్ల దగ్గర కూర్చుని గుడ్డు వొలుచుకుంటూ, రెండు దార్లూ తల్లి నోట విన్నది.

"ఏడాది ఆగను," అంది. "వాళ్ళందరూ పై క్లాసులకి వెళ్తే నేను చిన్నపిల్లల మధ్య కూర్చోవాలా? సహాయ విభాగం పిల్ల అని ఇప్పటికే పేరుంది. ఇక ఏడాది తప్పిన పిల్ల కూడానా."

"పిన్ని గొంతులో జవాబు ఉంటుందని నీకు తెలుసా?"

"తెలీదు." గుడ్డు పెంకు ఒక పక్కకి నెట్టింది. "పిన్ని చదివితే నాకు తెలిసిపోతుంది. అంతే. ఎలాగంటే ఏం చెప్పను? నాన్న చిరాగ్గా వచ్చాడని నీకెలా తెలుస్తుంది?"

"చెప్పులు విడిచే తీరులో తెలుస్తుంది."

"మరి? ఆయన చెప్పడు, నువ్వూ అడగవు. నేను చేసింది మోసమైతే నువ్వు చేసేదీ మోసమే."

బాల్కనీలో ఉన్న తండ్రి ఇది విని ఇంకాస్త అవతలికి జరిగాడు.

చిన్నకోడలు వచ్చి పక్కన నిలబడింది. మిరియం తలెత్తలేదు.

"నువ్వు నా వైపు అనుకున్నాను పిన్నీ."

"నీ వైపే."

"నా వైపు ఉండేవాళ్ళు ముందు నాతో చెప్తారు. వాళ్ళతో కాదు."

నిజానికి అదొక్కటే చిన్నకోడలి తప్పు. అది ఆమెకీ తెలుసు. "అవును. నీకే ముందు చెప్పాల్సింది," అంది. "చెప్తే నువ్వు వద్దంటావు, నేను ఆగిపోతానని భయపడ్డాను."

మిరియం గుడ్డు మీద ఉప్పు చల్లుకుంది. అత్తగారు టీవీ గొంతు తగ్గించింది, మాటలు సరిగ్గా వినపడటం లేదని.

సాధన పేపరు సంగతి చెప్పాక మిరియం చాలాసేపు ఆలోచించింది. చివరికి, "సరే. అన్నీ కరెక్టయితే సోమవారం రాస్తా. ఇంకెవరూ నన్నేమీ అనకూడదు," అంది.

"అన్నీ కానక్కర్లేదు," అంది చిన్నకోడలు.

ఆమె తన కుర్చీని గోడవైపు తిప్పుకుంది, పిల్ల మొహం తనకి, తన మొహం పిల్లకి కనపడకుండా. భోజనాల బల్ల ఒక పక్క గోడకి ఆనించి ఉంటుంది కాబట్టి మిగిలింది ఎదురెదురు కుర్చీలే. ఒకదాంట్లో మిరియం కూర్చుంది. రెండోదాంట్లో పెద్దకోడలు, జవాబుల కాగితం ఒళ్ళో పెట్టుకుని. ఇంట్లో ఆ జవాబులు తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. తెలిసినవి కూడా ఉత్త అక్షరాలు.

చిన్నకోడలు మొదలుపెట్టింది. గొంతులో ఏ ఎగుడుదిగుడూ లేదు, రైల్వే స్టేషన్లో బండి ఆలస్యమని చెప్పే గొంతులా ఉంది. చదువుతున్నది ఏమిటో తనకే తెలియకపోవడం ఎంత మేలో ఆ గొంతు వింటే తెలుస్తోంది.

"తల్లిదండ్రులిద్దరిలోనూ పైకి కనిపించని లక్షణం బిడ్డలో కనిపిస్తే అది ఎలాంటి లక్షణం?"

నాలుగు జవాబులూ విని, మిరియం కాస్త ఆగి బి మీద గీత గీసింది. ఒళ్ళోని కాగితంలోనూ బి. పెద్దకోడలు ఊపిరి పీల్చుకుంది.

రెండోదీ సరైనదే. మూడోదీ. నాలుగోదానికి పిల్ల కొంచెం తడబడింది గానీ చివరికి సరిగ్గానే గీసింది. పెద్దకోడలికి నిన్నటి నుంచి గొంతుదాకా ఉన్న కోపం కిందికి దిగడం మొదలైంది. చూశారా, అనాలనిపించింది. కోఆర్డినేటర్ ఇక్కడుంటే బాగుండుననిపించింది. ఇన్నాళ్ళూ పిల్ల చెవిన వేసుకున్నది ఎక్కడికీ పోలేదు. దానికి వచ్చు. ఎవరు చదివినా వచ్చు.

ఆ సంతోషంలోనే ఆమె కూతురి వంక తృప్తిగా చూసింది. అప్పుడు కనపడింది.

పెన్ను ఎ దగ్గర ఆగింది, గీయలేదు. బి దగ్గరికి జరిగింది, ఆగింది. సి దగ్గరికి వచ్చింది. పెన్ను కాగితం మీదుంది గానీ పిల్ల కళ్ళు కాగితం మీద లేవు. ఎక్కడ చూస్తోందా అని పెద్దకోడలు వెనక్కి తిరిగి చూసింది. వెనక గోడే ఉంది. గోడ మీద ఏమీ లేదు.

ఆమె మళ్ళీ ఇటు తిరిగేసరికి మిరియం చూపు అక్కడే ఉంది. తన మొహం మీద.

పెద్దకోడలు చటుక్కున తల పక్కకి తిప్పుకుంది.

తరువాతి ప్రశ్నకి ఆమె ఫ్రిజ్ తలుపు వైపు చూపు బిగించి కూర్చుంది. దవడ కదలనివ్వలేదు, ఊపిరి కూడా కొలిచి వదిలింది. పెన్ను ఎ నుంచి డి దాకా వెళ్ళింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. చాలాసేపటికి సి మీద గీత పడింది. ఒళ్ళో ఉన్నది ఎ.

ఒకటి తప్పవచ్చు. అందరికీ తప్పుతుంది. అలా అనుకుని వదిలేయవచ్చు. కానీ పెద్దకోడలు వదిలేసే మనిషి కాదు, కళ్ళజోడు ముక్కు మీద వెంట్రుకవాసి పక్కకి ఉన్నా ఊరుకోదు.

ఇంకో ప్రశ్న వచ్చింది. జవాబు డి. పిల్ల పెన్ను బి దగ్గర ఆగినప్పుడు, పెద్దకోడలు కావాలని కనుబొమలు వదులు చేసింది. సన్నగా ఊపిరి వదిలింది, మీంచి ఏదో బరువు దిగినట్టు. ఇంకేమీ చెయ్యలేదు.

బి మీద గీత పడింది. వెంటనే పడింది, ఏ తడబాటూ లేకుండా. మిరియం మొహంలో చిన్న తృప్తి కూడా కనిపించింది.

కూతుర్ని కొట్టినా అంత బాధ కలిగేది కాదు. పెద్దకోడలు బల్ల అంచు పట్టుకుంది. గోడవైపు తిరిగిన గొంతు అదే నింపాదితో తరువాతి ప్రశ్న చదువుతోంది.

ఆ తర్వాత ఏ మొహం పెట్టుకు కూర్చోవాలో ఆమెకి తెలియలేదు. చూపు దించుకుంటే అదో సైగ. దించకపోతే అదో సైగ. కళ్ళు మూసుకుందామనుకుంది, జవాబు ఎక్కడుందో చూడకుండా ఉండలేకపోయింది. పిల్ల ఈ పని కావాలని చేస్తోందా, చిన్నకోడలి గొంతు కావాలని ఆగనట్టే దీని కళ్ళూ తెలియకుండా వచ్చి వాలుతున్నాయా, అదీ తేలలేదు. మిగతావన్నీ సరైనవే పడ్డాయి. వాటిలో పిల్లకి వచ్చినవి ఎన్నో, తన మొహం చెప్పినవి ఎన్నో ఆ బ్రహ్మకే తెలియాలి.

"అయిపోయింది," అంది చిన్నకోడలు. ఇంకా గోడవైపే ఉంది. "ఎన్ని పోయాయక్కా?"

ఆమె తిరగడానికి భయపడుతోందని పెద్దకోడలికి అర్థమైంది.

"రెండు," అంది.

"రెండేనా?"

"రెండే."

చిన్నకోడలు కుర్చీతో సహా తిరిగింది. నిన్నటి నుంచి చెక్కుచెదరని మనిషి, ఇప్పుడు రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చేసింది. ఏడుస్తూనే నవ్వింది. "నా గొంతు కాదక్కా. దానికి వచ్చు. నిజంగానే వచ్చు. నేను అనవసరంగా ఎంత భయపడ్డానో."

"హమ్మయ్య," అంది అత్తగారు. "ఇక ఈ ఇంట్లో నా పోస్టుమాన్ ఉద్యోగం ఊడినట్టే."

తండ్రి బాల్కనీలోంచి లోపలికి వచ్చాడు. గొడవ తీరిందని చెప్పులు కూడా చప్పుడు చేసుకుంటూ వచ్చాడు. "ఇంకేం, సోమవారం రాయించేద్దాం. నేను సెలవు పెట్టి దింపి వస్తా."

"పొద్దున్నే మేడమ్‌తో నేనే చెప్తాను బావగారూ," అంది చిన్నకోడలు కళ్ళు తుడుచుకుంటూ. "నేనే పాడు చేశాను, నేనే సరిచెయ్యాలి. మా ఇంట్లో అందరం చూశామని, జవాబు తెలియని మనిషి చదివినా పిల్ల రాసిందని చెప్తాను."

"ఆగు," అంది పెద్దకోడలు.

అందరూ ఆమె వైపు చూశారు.

"ఏమైందక్కా?"

నోటిదాకా వచ్చింది. చెప్తే సోమవారం ఉండదు. పిల్ల ఏడాదిపాటు వెనక బెంచీలో కూర్చుంటుంది, ఈ ఇంట్లో ఇద్దరు తనని ముంచారని జీవితాంతం అనుకుంటుంది. చెప్పకపోతే సోమవారం ఆ గదిలో ఎరగని గొంతు, ఎరగని మొహం. ఆ మొహంలో ఏ జవాబూ ఉండదు. అక్కడ పోతే ఇక వచ్చే ఏడాది కూడా లేదు. ఆ రెండు తప్పుల్లో ఒకటి తను మొహం దాచుకుంటే వచ్చింది, ఒకటి తను చేయించింది. మిగతావి పిల్లకి వచ్చేమో కూడా. ఏమో.

పెద్దకోడలు జవాబుల కాగితం నాలుగు మడతలు పెట్టింది. "ఏం లేదు. కాస్త ఆలోచించనీ," అంది.

"ఇంకా ఆలోచించేదేముందే?" అన్నాడు మొగుడు.

మిరియం లేచి నిలబడింది. పేపరు మడిచి బల్ల మీద పెట్టింది. అలక పోయింది, గర్వమూ లేదు. ఏదో పోగొట్టుకుని దానికోసం వెతుక్కుంటున్న పిల్లలా ఉంది.

"నువ్వు చెప్పమ్మా," అంది. "సోమవారం రాయనా, వద్దా?"

అడిగి, మాట కోసం ఆగలేదు. తల్లి మొహంలోకి చూస్తూ నిలబడింది. కనుబొమల దగ్గర, దవడ దగ్గర, పెదవుల చివర, తాపీగా చూసింది. పెద్దకోడలు ఫ్రిజ్ వైపు తిరగబోయింది, తిరగలేకపోయింది. తన మొహంలో అప్పుడేముందో తనకే తెలియలేదు.

"సరే అయితే," అంది మిరియం, గదిలోకి వెళ్ళి నెమ్మదిగా తలుపు వేసుకుంది.

పెద్దకోడలు ఇంకా ఏమీ చెప్పనే లేదు.